తొలిచూపు పరిరక్షణ

తాలాడ గణపతిరావు ముప్ఫై నాలుగు సినిమాల్లో నటించాడు. వాటిలో పంతొమ్మిదింట్లో శవం. మిగిలిన పదిహేనింట్లో శవం చుట్టూ ఏడ్చేవాళ్ళలో ఒకడు.

ఇరవై ఎనిమిదేళ్ళు నరసన్నపేట వైపు బస్సుల్లో కండక్టరుగా తిరిగి, ఎండకి ఎండి, దుమ్ముకి మాగి, ఆయన ముఖం పాత తోలుసంచి రంగుకి వచ్చింది. "ఈయన కళ్ళు మూసుకు పడుకుంటే డాక్టరు కూడా నాడి చూడడండీ, అంత సహజం!" అని ఒక పెద్ద దర్శకుడు పదిమందిలో అన్నాడు. గణపతిరావు దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. నటుడికి వేషం దొరకడం గొప్ప. ఆ వేషం ఊపిరి పీలుస్తుందా లేదా అన్నది తరవాతి సంగతి.

ఆయన భార్య వరహాలమ్మ అభిప్రాయం వేరు.

"ముప్పై నాలుగు సినిమాలకీ నన్ను తీసుకెల్లినావు. నువ్వొస్తన్నావని కళ్ళజోడు తుడుసుకుని పెట్టుకునీసరికి పాడె లేసిపోతంది. నువ్వు నటుడివని నాకెలగ తెలవాల?"

అరవై ఒకటో ఏట ఆయన దశ తిరిగింది. మజ్జి మృదుల అనే ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయి తన మొదటి సినిమాకి ముసలి జాలరి వేషం కోసం మనిషిని వెతుకుతూ, ఒక పరిషత్తు నాటకంలో ఆయన్ని చూసింది. సినిమా పేరు 'తెడ్డు'. కథ చిన్నది. పక్క గుడిసెలో ఉండే నూకరాజుతో నలభై ఏళ్ళుగా మాటల్లేని ఒక జాలరి. తుపానులో నూకరాజు పడవ తప్పిపోతే ఊళ్ళో ఎవరూ కదలరు. ఈయన ఒక్కడే పడవ వేసుకుని వాణ్ణి వెతకడానికి పోతాడు. రెండు గంటల సినిమాలో గణపతిరావు కనిపించని నిమిషాలు నాలుగు. ఆ నాలుగు నిమిషాలూ సముద్రం కనిపిస్తుంది.

"ముందే చూడకండి బాబాయ్. పెద్ద తెర మీదే చూసుకుందురు గాని" అంది మృదుల. ఆయన చూడలేదు. ఏడాది ఆగాడు.

ఏడాదికి ఒకేసారి రెండు ఉత్తరాలు వచ్చాయి. విశాఖపట్నంలో జరిగే అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆయన నటించిన రెండు సినిమాలు మొట్టమొదటిసారి ప్రదర్శిస్తారట. ఒకటి ఒక పెద్ద హీరో సినిమా, అందులో ఆయన మామూలుగా శవం. రెండోది 'తెడ్డు'. రెండో ఉత్తరాన్ని గణపతిరావు భార్యకి గొంతెత్తి చదివి వినిపించాడు.

"మీ చిత్రము సదరు ఉత్సవమునకు ఎంపిక కాబడినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. అయితే సదరు చిత్రమును ఇంతవరకు మానవమాత్రులెవ్వరును చూచి యుండలేదని దర్శకులును, ప్రధాన నటులును స్వయముగా హాజరై ప్రమాణము చేయవలెను. ఎవరైనను చూచినట్లు రుజువైనచో ఎంపిక రద్దు కాబడును. ఇట్లు, ప్రత్యేకాధికారి, తొలిచూపు పరిరక్షణ విభాగము."

వరహాలమ్మ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఎవులూ సూడనేదని సంతోషిస్తన్నారా ఈళ్ళు?"

తొలిచూపు పరిరక్షణ విభాగానికి ప్రత్యేకాధికారి ఉపద్రష్ట నరసింహమూర్తి. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్ళు నిష్కళంకంగా పనిచేసి డిప్యుటేషన్ మీద కళారంగానికి వచ్చిన మనిషి. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఇత్తడి రాళ్ళు పెట్టుకున్నాడు, రెండు కిలోలది ఒకటి, అరకిలోవి రెండు. గణపతిరావునీ మృదులనీ కుర్చీల్లో కూర్చోబెట్టి, దొంగసొత్తు గురించి అడిగినట్టు అడిగాడు.

"మీ సినిమాను ఎవరెవరు చూశారు?"

"ఎవులూ నేదు సార్. నానే సూడనేదు" అన్నాడు గణపతిరావు.

"భేష్" అని రాసుకుని మృదుల వైపు తిరిగాడు. "మీరు?"

"నేను దర్శకురాలినండి. చూడకుండా ఎలా తీస్తాను?"

ఉపద్రష్ట కలం కింద పెట్టాడు.

"అమ్మా, ఆలోచించి మాట్లాడండి. ఇది కార్యాలయం. నిరుడు ఇదే ఉత్సవంలో 'ప్రపంచంలోనే తొలి ప్రదర్శన' అని ఒక చిత్రాన్ని వేశాం. తీరా చూస్తే దాన్ని అంతకుముందే ఏదో దేశంలో పదకొండు మందికి చూపించారట. పత్రికల్లో వచ్చింది. శాసనసభలో ప్రశ్న వచ్చింది. అందుకని ప్రభుత్వం ఈ విభాగాన్ని నెలకొల్పింది. తొలి ప్రదర్శన అంటే తొలి ప్రదర్శనే. కిలో అంటే వెయ్యి గ్రాములు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది కాదు."

మృదుల ఏదో అనబోయింది. ఆయన చేయెత్తి ఆపాడు.

"కంగారు పడకండి. దర్శకులు తమ చిత్రాన్ని తాము చూడటాన్ని స్వంత వినియోగం కింద మినహాయించాం. కెమెరామెన్ ఎన్ని కళ్ళతో చూశాడు?"

"ఒక కన్నేనండి. కెమెరాలోంచి ఒక కంటితోనే చూస్తారు."

"అర్ధ వీక్షణ. ఇద్దరు కెమెరామెన్లు ఉంటే రెండు అర్ధాలు కలిసి ఒక పూర్ణ వీక్షణ అయ్యేది. ఎంతమంది?"

"ఒక్కరే."

"బతికిపోయారు. ఎడిటరు ముక్కలు ముక్కలుగా చూశాడు కనుక అది చూపు కిందకి రాదు. బియ్యంలో రాళ్ళేరినవాడు అన్నం తిన్నట్టు కాదు."

"సెన్సారు వాళ్ళు చూశారు కదండీ?"

"ప్రభుత్వం చూడదమ్మా. పరిశీలిస్తుంది."

మృదులకి ఒక అనుమానం వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేదని ఆమె తరవాత అనుకుంది.

"మరి మీరు... చూడకుండా ఎలా ఎంపిక చేశారు?"

ఉపద్రష్ట ముఖం మొదటిసారి వికసించింది. "చూస్తే మేమే తొలిచూపును భంగపరిచినట్టు కాదా? కొలిచాం. నిడివి నూట ఇరవై నిమిషాలని మీరు దరఖాస్తులో రాశారు. తెర ఆపేసి, చప్పుడు కట్టేసి, యంత్రాన్ని నడిపించాం. సరిగ్గా నూట ఇరవై నిమిషాలకి ఆగింది. ఒక్క సెకను తరుగు లేదు! వచ్చినవి రెండు వందల పన్నెండు సినిమాలు. వాటిలో ఇంత నిజాయితీ గల సినిమా మరొకటి లేదు."

ఇంతవరకూ తన సినిమాని ఎవరూ ఇలా మెచ్చుకోలేదు. మృదులకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

"ఇక నటుల వారు" అన్నాడు ఉపద్రష్ట. "మేకప్ వేసుకునేటప్పుడు అద్దంలో చూసుకున్నారా? ఆ పాత్రను ముందుగా చూసినట్టే అవుతుంది."

"మేకప్ నేదు సార్ ఈ సినిమాకి. ఉన్న మొగమే" అన్నాడు గణపతిరావు నిజాయితీగా. అక్కడే చిక్కొచ్చింది.

ఉపద్రష్ట కుర్చీలోంచి సగం లేచాడు. "అంటే... సినిమాలో కనిపించే ముఖం ఇదే?"

"ఇదే సార్."

"ఇప్పుడు నేను చూస్తున్న ఇదే ముఖం?"

"నాకు ఇదొక్కటే ఉంది సార్."

ఉపద్రష్ట చటుక్కున ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "చిత్రంలో నూట పదహారు నిమిషాల పాటు ప్రదర్శితమయ్యే ప్రధానాంశం బస్సెక్కి, బజార్లో దిగి, బహిరంగంగా నడిచొచ్చిందన్నమాట! దారిలో ఎంతమంది చూసి ఉంటారు! ఇన్‌స్పెక్టర్!"

పావుగంటలో గణపతిరావు తలకి మందపాటి తెల్లగుడ్డ ముసుగు తగిలించారు. మెడ దగ్గర తాడు బిగించి, తాడు ముడికి సీసపు సీలు వేశారు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు.

"చూసే హక్కు మీకుంది" అన్నాడు ఉపద్రష్ట. "చూపించే హక్కు ఎల్లుండి మధ్యాహ్నం మూడున్నర దాకా లేదు. భోజన సమయాల్లో మా ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు విప్పి, మీరు తినేవరకు అటు తిరిగి నిలబడి, మళ్ళీ వేసి వెళతాడు."

బయటికి రాగానే మృదుల ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు బాబాయ్. తీసెయ్యండి. వెళ్ళిపోదాం. ఇంకెక్కడైనా చూపించుకుందాం."

"ఇంకెక్కడమ్మా?"

ఏడాదిగా ఆమె ఆ సినిమా పెట్టె పట్టుకుని తిరగని గుమ్మం లేదు. ముసలాడి సినిమా ఎవరు చూస్తారని అందరూ మర్యాదగానే అన్నారు.

"ఇరవై ఎనిమిదేళ్ళు ఖాకీ ఏసుకున్నాను" అన్నాడు గణపతిరావు, ముసుగులోంచి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తూంటే. "రెండ్రోజులు సంచి ఏసుకుంతే ఏటయిపోద్ది? ఒక్కపాలి తెర మీద నడవాల, మాటాడాల. అది మా ఇంటిది సూడాల. అంతేనమ్మా నాక్కావాల్సింది."

హోటల్ గది తలుపు తీసిన వరహాలమ్మ మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేదు. ముసుగు మనిషిని చూసి చేతిలో ఉన్న స్టీలు చెంబుతో ఒకటేసింది.

"ఎవుడ్రా నువ్వు!"

"నానే!"

"నానే అంతే ఎవుడు?"

"నానేనే వరాలూ, నీ మొగుణ్ణి!"

చెంబు దించి వంగి, చిల్లుల్లోంచి తేరిపార చూసింది. "కళ్ళు నీవే. ఇంతకీ సినిమాలో యేసం ఇదేనేటి? ఈసారి శవానికి సంచి కూడా కట్టినారా?"

మర్నాడు ప్రారంభోత్సవం. ఎర్ర తివాచీ పరిచారు. హీరోలూ హీరోయిన్లూ కార్లు దిగుతున్నారు, జనం కేకలేస్తున్నారు. వాళ్ళ వెనకాల మృదులతో కలిసి, తెల్ల పంచె, తెల్ల లాల్చీ, తెల్ల ముసుగుతో గణపతిరావు నడుచుకుంటూ వచ్చాడు. మెడలో సీసపు సీలు ఎండకి తళుక్కుమంది.

కేకలు ఒక్కసారి ఆగిపోయాయి. తరవాత గుసగుస. "ఎవరది?" "ముఖం దాచుకున్నాడంటే పెద్దవాడే అయ్యుంటాడు." "నడక చూస్తే తెలియట్లేదూ? ఆయనే!" ఏ ఆయనో ఎవరూ చెప్పలేదు, కానీ అందరికీ తెలిసిపోయింది. కంచె విరిగింది. టీవీ వాళ్ళు మైకులతో మీద పడ్డారు. ఒకమ్మాయి ముసుగు మీద సంతకం పెట్టమని కలం ఇచ్చింది. ముప్ఫై నాలుగు సినిమాల్లో ముఖం చూపించినా టీ కొట్టు దగ్గర కూడా ఒక్కడూ గుర్తుపట్టని గణపతిరావుని, ముఖం కప్పేసరికి ఊరు ఊరంతా గుర్తుపట్టింది.

"మీ సందేశం ఏమిటి సార్?" అని అరిచాడొక విలేఖరి.

గణపతిరావుకి బస్సులో అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది. "ముందుకి జరగండి. ముందర జాగా ఉంది."

ఆ సాయంత్రం వార్తల్లో దాని మీద అరగంట చర్చ జరిగింది. సమాజానికి ఇంత గొప్ప పిలుపు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదన్నారు.

రెండో రోజు ఉదయం పదకొండు గంటలకి పెద్ద హీరో సినిమా. దాని నలభై రెండో నిమిషంలో గణపతిరావు శవం ఉందని ఉపద్రష్టకి తెల్లవారుజామున తట్టింది. ఈ సినిమాలో ఆ ముఖం చూసినవాళ్ళు మధ్యాహ్నం 'తెడ్డు'లో మళ్ళీ చూస్తారు. అప్పుడది తొలిచూపు ఎలా అవుతుంది? సినిమా కోయడానికి అధికారం లేదు. కప్పడానికి ఉంది.

నలభై రెండో నిమిషం రాగానే ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు రెండు వెదురు గడలకి కట్టిన నల్ల దుప్పటి ఎత్తుకుని తెర ముందు నిలబడ్డారు. శవంతో పాటు, శవం మీద పడి ఏడుస్తున్న హీరో కూడా దుప్పటి వెనక్కి పోయాడు. కెరీర్‌లో తొలిసారి గ్లిజరిన్ లేకుండా ఏడ్చానని ఆయన పది ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న సీను అది. కోపంతో లేచి నిలబడ్డాడు. అంతలో జ్యూరీ అధ్యక్షురాలు, యూరప్ నుంచి వచ్చిన నెరిసిన జుట్టు పెద్దావిడ, లేచి చప్పట్లు కొట్టింది. దుఃఖాన్ని చూపించకుండా దాచిన ఇంతటి సాహసం తానింతవరకు ఏ దేశపు సినిమాలోనూ ఎరగనని ఆవిడ పక్కవాళ్ళతో అంది. హాలంతా చప్పట్లు. హీరో ఒక క్షణం ఆలోచించి, ప్రేక్షకుల వైపు తిరిగి వినయంగా దండం పెట్టాడు.

గణపతిరావు మొదటి ప్రీమియర్ అలా ముగిసింది.

మధ్యాహ్నం మూడింటికే 'తెడ్డు' హాలు నిండిపోయింది. ముసుగు మనిషి ఎవరో ఇవాళ తేలుతుందని ఊరంతా వచ్చింది. నరసన్నపేట నుంచి పాత కండక్టర్లూ డ్రైవర్లూ నలభై మంది దిగారు. ఆరు వందల ఇరవై ఒక్క కుర్చీల్లో ఆరు వందల ఇరవై నిండాయి. ముందు వరసలో మధ్య కుర్చీ ఒక్కటి ఖాళీ. అది మంత్రిగారిది.

అప్పుడు బయటపడింది ఇంకో చిక్కు. ప్రోటోకాల్ ప్రకారం సినిమాని మొట్టమొదట చూడవలసింది మంత్రిగారు. ప్రకటన ప్రకారం సినిమా మూడున్నరకి మొదలవ్వాలి. మంత్రిగారు రాలేదు.

"కొంచెంసేపు ఆగుదామండీ" అంది మృదుల.

"ఆగడమా?" ఉపద్రష్ట నొచ్చుకున్నాడు. "మూడున్నర అని ప్రకటించి మూడు ముప్ఫై ఒకటికి వెయ్యడం కొలతలో మోసం. నా సర్వీసులో జరగలేదు."

"మరైతే మంత్రిగారు రాకముందే అందరూ చూసేస్తారు కదా?"

"ఎలా చూస్తారు?" అన్నాడు ఉపద్రష్ట ప్రశాంతంగా, జేబులోంచి ఒక నల్లగుడ్డ పేలిక తీసి.

ఆరు వందల ఇరవై పేలికలు పంచారు. ఆయన వేదికెక్కి మైకులో చెప్పాడు. "మాన్య ప్రేక్షకులకు విజ్ఞప్తి. చిత్రం నిర్ణీత సమయానికి ప్రారంభమవుతుంది. గౌరవ అమాత్యులు విచ్చేసి ఆసీనులైన పిమ్మట గంట మోగుతుంది. అంతవరకు తమరందరూ గంతలు ధరించి చిత్రాన్ని ఆస్వాదించగలరు."

"మంత్రిగారు రాకపోతేనో సార్?" అని గణపతిరావు అడిగాడు.

"బయలుదేరినట్టు వర్తమానం ఉంది."

"ఎక్కడ్నించి?"

"అది వర్తమానంలో లేదు."

కాపలా ఇన్‌స్పెక్టర్లు కూడా గంతలు కట్టుకున్నారు. కాపలా కాసేవాళ్ళు చూస్తే కాపలా దేనికి? యంత్రం నడిపే అతన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. గణపతిరావు ముసుగు మీద నుంచే ఇంకో గంత కట్టారు. చివరికి ఉపద్రష్ట మంత్రిగారి ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని, అందరికన్నా గట్టిగా, రెండు మడతలు వేసి తన గంత తాను కట్టుకున్నాడు. ఆ మనిషిలో దొంగతనం లేదు.

సరిగ్గా మూడున్నరకి సినిమా మొదలైంది.

చీకటి. సముద్రం హోరు. ఆ హోరులోంచి గణపతిరావు గొంతు. పక్క గుడిసెవాడి కోడి తన వాకిట్లోకి వచ్చిందని తిడుతున్నాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత పదిమంది నవ్వారు.

"ఒరే గణపతీ, నీ గొంతేరా!" అన్నాడు వెనక వరసలోంచి పాత డ్రైవరు పైడయ్య, ఆనందం పట్టలేక.

గణపతిరావు వింటున్నాడు. ఇరవై నిమిషాలు విన్నాడు. ముప్ఫై నిమిషాలు విన్నాడు. ఇప్పుడు వల కుడుతున్న సీను. ఇప్పుడు ఒక్కడే కూర్చుని అన్నం తింటున్న సీను. ఆ పూట మృదుల తనచేత తొమ్మిదిసార్లు అన్నం తినిపించింది, తొమ్మిదోసారి తను నటించడం మరిచిపోయి నిజంగానే తిన్నాడు. అప్పుడామె "చాలు బాబాయ్, ఇదే" అంది. 'ఇదే' అంటే ఏమిటో తను ఇంతవరకూ చూడలేదు. ఆరు వందల ఇరవై మంది ముందు అది తెర మీద నడుస్తోంది, ఒక్కరూ చూడటం లేదు. కాస్సేపటికి అయిపోతుంది.

ఆయన చేతులు మెడ దగ్గరికి పోయాయి. సీసపు సీలు టక్కున విరిగింది, ముసుగూ గంతా ఒక్కసారే ఊడొచ్చాయి.

తెర మీద ఎవరో ముసలాడు. గణపతిరావుకి అతనెవరో వెంటనే తెలియలేదు. చనిపోయిన తన తండ్రి గడ్డం, తన అన్న భుజాలు, ఏ బస్సులోనో రోజూ చివరి సీట్లో కూర్చుని ఎప్పుడూ మాట్లాడని ప్రయాణికుడి కళ్ళు. ఆ ముసలాడు అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుని, పక్క గుడిసె వైపు చూసి, ఆగాడు. ఓహో, ఇదా, అనుకున్నాడు గణపతిరావు.

పక్కనున్న భార్య మోచేయి పట్టుకుని కదిపాడు. "వరాలూ. కట్టు తియ్యి."

"గంట కొట్టినారేటి?"

"నేదు. తియ్యి."

"నేరం కాదేటయ్యా?"

"కాపలావోల్లకీ కట్లున్నాయి. ఎవులు సూస్తారే?"

వరహాలమ్మ గంత కిందికి లాగింది. తెర చూసి గబగబా కళ్ళజోడు తీసి కొంగుతో తుడవబోయింది.

"మెల్లగా తుడుసుకో" అన్నాడు గణపతిరావు. "ఈసారి నానెక్కడికీ ఎల్లను."

ఆమె తుడుచుకుని పెట్టుకుంది. ఆయన ఇంకా తెర మీదే ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి చాపి తన ముందు కుర్చీలోని మనిషి గంత పట్టుకుని లాగింది. ఆయన ఉలిక్కిపడి, చూసి, పక్కావిడకి చెప్పాడు. మాట చీమల బారులా వరసలెక్కి పాకింది. కాస్సేపటికి ఆరు వందల ఇరవై మందిలో గంతలున్నవాళ్ళు ముందు వరసలో ఉపద్రష్ట, తలుపుల దగ్గర ఇన్‌స్పెక్టర్లు. చివరి తలుపు దగ్గరున్న ఇన్‌స్పెక్టరు కూడా బొటనవేలితో గంత ఎత్తి పట్టుకుని ఒంటికన్నుతో చూస్తున్నాడు. అర్ధ వీక్షణ.

తుపాను వచ్చింది. ముసలాడు పడవ నీళ్ళలోకి తోశాడు. చివరి పదకొండు నిమిషాలు సినిమాలో మాటల్లేవు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పైడయ్య ముందు కుర్చీ వీపు పట్టుకుని తనే తెడ్డు వేస్తున్నట్టు ఊగాడు.

పేర్లు పడుతూండగా బయట మంత్రిగారి కారు సైరన్ మోగింది. ఆరు వందల మంది ఒక్కసారి గంతలు పైకి లాక్కున్న చప్పుడు పావురాల గుంపు లేచినట్టు వినపడింది. మంత్రిగారు వచ్చి కూర్చున్నారు. గంట మోగింది. నిబంధన ప్రకారం అందరూ గంతలు తీశారు. తెర మీద లైటు బాయ్‌ల పేర్లు, వంటవాళ్ళ పేర్లు పైకి పోతున్నాయి. మంత్రిగారు అవి శ్రద్ధగా చదివారు. దీపాలు వెలిగాయి.

"చాలా బాగుంది" అన్నారు మంత్రిగారు లేచి. "అక్షరాలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి."

ఉపద్రష్ట మైకు అందుకున్నాడు. "చరిత్రాత్మక ఘట్టం! పేర్లు చూడటం చిత్రాన్ని చూడటం కిందకి రాదు కనుక, ఈ చిత్రపు తొలిచూపు నూటికి నూరుపాళ్ళు భద్రంగా మిగిలి ఉంది. కాబట్టి వచ్చే ఏడాది కూడా దీన్ని మనమే ప్రపంచ తొలి ప్రదర్శనగా వేస్తాం. అంతవరకు పెట్టెకు సీలు వేసి ప్రభుత్వ భద్రతలో ఉంచుతాం. ఇలా ఏటేటా..."

గణపతిరావు మృదుల వైపు చూశాడు. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లాంఛనంగా అడుగుతున్నాను" అన్నాడు ఉపద్రష్ట చిరునవ్వుతో. "ఎవరైనా చిత్రాన్ని చూసి ఉంటే చేతులెత్తండి. వారి పాసు రద్దవుతుంది, చిత్రం అనర్హమై దర్శకులకు వాపసు ఇవ్వబడుతుంది. ఎవరూ లేరు కదా?"

వరహాలమ్మ చెయ్యెత్తి, చాలదన్నట్టు లేచి నిలబడింది.

"నాను సూసినాను బాబూ. కడదాకా సూసినాను. ఆయన మా ఆయనే."

ఉపద్రష్ట చిరునవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. పైడయ్య చెయ్యెత్తాడు. నరసన్నపేట నలభై చేతులూ లేచాయి. జ్యూరీ పెద్దావిడ చెయ్యి లేచింది. తరవాత హాలంతా చేతులే. మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. ఇంతమంది ఒకవైపు ఉన్నప్పుడు రెండోవైపు ఉండటం ఆయనకి అలవాటు లేదు. ఆయన కూడా చెయ్యెత్తారు.

"నేనూ చూశాను" అన్నారు గంభీరంగా.

ఆ సభలో చెయ్యెత్తనివాడు ఒక్క ఉపద్రష్ట.

గంటలో సినిమా పెట్టె మృదుల చేతికి వచ్చింది. పెట్టె మీద ఎర్రసిరాతో పెద్ద ముద్ర: 'చూడబడినది'. ఆమె ఆ ముద్ర మీద వేలు ఆనించి నిలబడిపోయింది. మాకు పంపించమంటే మాకు పంపించమని నలుగురైదుగురు ఆమె చుట్టూ చేరారు. జ్యూరీ పెద్దావిడ తమ ఊరి ఉత్సవం చిరునామా రాసిచ్చి, అక్కడికి అందరూ చూసిన సినిమాలే తెస్తారని చెప్పింది. జనం ఇప్పుడు గణపతిరావుని ముఖం చూసే గుర్తుపడుతున్నారు. వరహాలమ్మ పక్కనే నిలబడి, ఎవరైనా ఫొటో తీస్తూంటే ఆయన జుట్టు సర్దుతోంది.

ఇన్‌స్పెక్టరు వచ్చి, విరిగిన సీలుతో సహా ముసుగు అధికారి గారికి స్వయంగా అప్పజెప్పాలన్నాడు. గణపతిరావు హాల్లోకి వెళ్ళాడు. ఖాళీ కుర్చీల మధ్య, ముందు వరసలో ఉపద్రష్ట ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గంత. దాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు.

"క్షమించండి సార్. సీలు నానే ఇరిసినాను."

ఉపద్రష్ట ముసుగు తీసుకుని పక్కన పెట్టాడు. రసీదు రాయలేదు. తరవాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"చివరి పదకొండు నిమిషాలు మాటల్లేవు. తెడ్డు చప్పుడు వినిపిస్తూ ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తరవాత ఉత్త అలలే." గంతని మళ్ళీ ఒక మడత వేశాడు. "ఆ నూకరాజు... దొరికాడా?"

గణపతిరావు ఆ మనిషిని చూశాడు. ముక్కుకి రెండువైపులా గంత ఒత్తుకుపోయిన ఎర్రటి చారలు ఇంకా ఉన్నాయి. హాలు మొత్తంలో రెండు గంటలూ కథని ఒక్క క్షణం కూడా వదలకుండా విన్నది ఈయనొక్కడేనేమో అనిపించింది.

"సెప్తే తెలవదు సార్. సూడాల."

గోడకి చేరేసి ఉన్న జెండా కర్ర ఒకటి తీసుకుని, గణపతిరావు తెర ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగుసార్లు తెడ్డు వేశాడు. ఆగాడు. ఎదురుగా నీళ్ళలో ఎవరినో చూశాడు. వంగి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నూకరాజు పట్టుకోవడం లేదు. నలభై ఏళ్ళ పంతం. గణపతిరావు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, తెడ్డు తిప్పి, దాని చివర నీళ్ళ వైపు చాపాడు. మనిషి చెయ్యి పట్టుకోకపోతే మానె, కర్ర పట్టుకోవచ్చు కదా అన్నట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఎదురుచూశాడు.

ప్రత్యేకాధికారి ఉపద్రష్ట నరసింహమూర్తి నిబంధన ప్రకారం రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్నాడు. వేళ్ళు మాత్రం కొంచెం ఎడంగా ఉన్నాయి.